నది కోసిన నేల - నది పోసిన నేల

నదికి రెండు పనులు ఉన్నాయి. ఎత్తైన ప్రదేశాలలో అది నేలను కోస్తుంది. పల్లానికి చేరిన తరువాత, కోసి తెచ్చిన దానిని పోస్తుంది. మొదటి పనిని చూడడానికి యాత్రికులు మధ్య ఆస్ట్రేలియా ఎడారిలోని కింగ్స్ కాన్యన్ వంటి లోయలకు గంటల తరబడి ప్రయాణం చేస్తారు. మనకు అంత దూరం పోవలసిన అవసరం లేదు. కడప జిల్లా జమ్మలమడుగు సమీపంలో పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని ప్రవహిస్తున్నది. ఆ గండి అంచున ఉన్నందువల్లనే అక్కడి దుర్గానికి గండికోట అనే పేరు వచ్చింది. లోయకు ఇరువైపులా ఎర్రని రాతి పొరలు పలకలు పేర్చినట్లు నిట్టనిలువుగా కనిపిస్తాయి.

మరి, నదులు కోసిన మట్టి ఎక్కడికి పోతుంది? సమాధానం కృష్ణా డెల్టాలో లభిస్తుంది. మహాబలేశ్వరం వద్ద పుట్టిన కృష్ణానది సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. దారిలో నల్లమల కొండలను కోసుకుంటూ వచ్చి, విజయవాడలో ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమనున్న ఇరుకును దాటుతుంది. ఆ తరువాత దానికి కొండల అడ్డు లేదు. వేగం తగ్గిన నీరు మోసుకొచ్చిన ఒండ్రును దించుతుంది. ఆ ఒండ్రు నేలను గుడివాడ నుండి దివిసీమ కొస వరకు ఒక్క పగటి ప్రయాణంలో చూడవచ్చు.

గుడివాడ నుండి పెడన మీదుగా మచిలీపట్నం చేరేవరకు ఒక్క గుట్ట అయినా ఎదురుకాదు. కనుచూపు మేర వరిచేలు, కాలువలు, తాటిచెట్లు. 1855లో విజయవాడ వద్ద పూర్తయిన ఆనకట్ట ఈ కాలువలకు నీరిచ్చింది. 1957 నుండి ఆ పనిని ప్రకాశం బ్యారేజి నిర్వహిస్తున్నది. మచిలీపట్నంలో ఆంగ్లేయులు 1611లోనే వర్తకస్థానం నెలకొల్పారు.

అక్కడినుండి చల్లపల్లి వైపు సాగితే, ఆ ఊరికి సమీపంలో ఘంటసాల కనిపిస్తుంది. ఇది ప్రాచీన బౌద్ధ క్షేత్రం. రెండవ శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న కంటకస్సిల అనే వర్తక కేంద్రం ఇదేనని పండితులు గుర్తించారు. నాటి రేవు నేడు పొలాల నడుమ ఉన్నది. నది పోసిన మట్టితో తీరమే ముందుకు జరిగింది.

మోపిదేవి దాటి పులిగడ్డ చేరితే కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ నున్నదే దివిసీమ. దివి అనగా ద్వీపం. పులిగడ్డ అక్విడక్టు మీదుగా కాలువ నీరు నదీపాయను దాటి ఈ సీమకు చేరడం చూడదగిన దృశ్యం. అవనిగడ్డ, కోడూరుల మీదుగా హంసలదీవికి చేరితే సాగరసంగమం కనిపిస్తుంది. గండికోటలో నేల ఎంత కఠినమో, ఇక్కడ అంత మెత్తన.

మెత్తని నేలకు రక్షణ తక్కువ. రాయలసీమలో గండి అంటే కొండల నడుమ దారి. డెల్టాలో గండి అంటే వరదకు కట్ట తెగిన చోటు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. అధికార లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు. తీరంలోని మడ అడవులు అలల తాకిడిని కొంత తగ్గిస్తాయి. వాటి వేళ్లు ఒండ్రును పట్టి నిలుపుతాయి. వాటిని నరికితే ఊరికి ఉన్న గోడను మనమే కూల్చుకున్నట్లు.

మరొక విషయం కూడ ఆలోచింపదగినది. ఎగువన కట్టిన ఆనకట్టలు మనకు అన్నం పెడుతున్నాయి, వెలుగునిస్తున్నాయి. కాని నది తెచ్చే ఒండ్రును కూడ జలాశయాలలోనే ఆపుతున్నాయి. ఒండ్రు రాని తీరాన్ని సముద్రం పలుచోట్ల కోసివేస్తున్నది. నది వేల సంవత్సరాలలో పోసి ఇచ్చిన ఈ నేల తనంతట తాను శాశ్వతంగా నిలిచేది కాదని గ్రహించడమే ఈ ప్రయాణానికి ఫలం.