అడుగడుగునా అజమాయిషీ

మొన్నొక సాయంకాలం గృహదర్శనానికి వెళ్ళినప్పుడు, మేము కూర్చున్న గంటలో ఒక సహోదరి మూడుసార్లు ఫోను ఎత్తింది. ఆమె అంగన్‌వాడీ టీచరు. మూడుసార్లూ సూపర్‌వైజరే. పిల్లలెందరు వచ్చారు? గుడ్లెన్ని మిగిలాయి? ఫోటోలో ఒక పిల్లవాడు పక్కకెందుకు తిరిగాడు?

"పదిహేనేళ్ళ నుండి చేస్తున్నాను అయ్యగారూ, ఇంకా నామీద నమ్మకం లేదు. మానేస్తానండి" అని కన్నీళ్ళు పెట్టుకొని, వ్రాసి ఉంచిన రాజీనామా చూపించింది. ఇద్దరు పిల్లల చదువు ఆ జీతంమీదే. భర్తకు ఏడాదిలో సగం రోజులే కూలి దొరుకుతుంది.

"ఓర్చుకో అమ్మా" అనబోయి ఆగాము. ఓర్పు మంచిదే గాని దానితో ఫోను ఆగదు గదా.

ఆ సూపర్‌వైజరు సంగతి కూడా చూడాలి. ఆమె కింద ఇరవై, పాతిక కేంద్రాలుంటాయి. పైన సీడీపీవో. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ వచ్చినది మొదలు పిల్లల హాజరు, ఎత్తు, బరువు సెల్‌ఫోనులో ఎక్కించాలి. ఏ కేంద్రం వెనుకబడిందో పైవారికి కూర్చున్నచోటే కనబడుతుంది. జవాబు చెప్పుకోవలసినది ఈమె. గనుక ఆ ప్రశ్నల్లో సగం అనుమానం కాదు, భయం.

అందుకే, అడగకముందే చెప్పమన్నాము. పిల్లలు తిని పడుకున్నాక హాజరు, గుడ్లు, పాలు, మిగిలినది, ఏదైనా ఆగితే దాని కారణం (సిగ్నలు లేదు, తూకం యంత్రం చెడింది) నాలుగు వరుసల్లో వ్రాసి పంపాలి. అదే తేదీ వేసి నోటుపుస్తకంలో ఉంచుకోవాలి. రెండు వారాలు తప్పకుండా చేశాక, ఒంటరిగా ఉన్నప్పుడు నెమ్మదిగా అడగాలి: "మేడం, రోజూ రెండు గంటలకు నేనే పంపుతున్నాను. అత్యవసరమైతేనే ఫోను చేస్తారా?" మీటింగులో పదిమంది ఎదుట మాత్రం వద్దు.

లెక్క అడగడం వేరు, తిట్టడం వేరు. మాట తూలితే ఆ మాట, ఆ తేదీ వ్రాసుకొని, తోటి టీచర్లతో కలిసి సీడీపీవోకు కాగితం ఇవ్వవచ్చు. అది తిరుగుబాటేమీ కాదు.

(ఈ గుణం మాలోనూ లేకపోలేదు. క్రిస్మస్ అలంకరణ యువకులకు అప్పగించి, నిచ్చెన కింద నిలబడి మేకు ఎక్కడ కొట్టాలో చెప్పేది మేమే!)

నెల తరువాత మళ్ళీ వెళ్ళాము. ఫోన్లు పూర్తిగా ఆగలేదు. రోజుకు ఒకటో రెండో వస్తున్నాయట. రాజీనామా కాగితం ఇంకా బీరువాలోనే ఉందని చెప్పింది.