స్వరపేటిక క్యాన్సర్ శస్త్రచికిత్స: అనంతర సమస్యలకు దారితీసే కారణాలు – పల్నాటి గ్రామీణ నేపథ్యం

ఉపోద్ఘాతం:
క్యాన్సర్ సోకిన స్వరపేటికను పూర్తిగా తొలగించే శస్త్రచికిత్సను 1873లో వియన్నాలో థియోడార్ బిల్‌రోత్ తొలిసారిగా చేశాడు. శస్త్రవైద్యులను కలవరపెడుతున్న ఒక ప్రధాన సమస్య: కుట్లు వేసిన గొంతు సక్రమంగా అతుక్కోకపోవడం. అతుకు విడితే లాలాజలం మెడ చర్మం గుండా బయటికి కారుతుంది. దీనిని ఫిస్టులా అంటారు. నోటి ద్వారా ఆహారం ఆగిపోతుంది. తరువాత ఇవ్వవలసిన రేడియేషన్ ఆలస్యమవుతుంది. అరుదుగా మెడలోని ప్రధాన ధమని చిట్లి ప్రాణాపాయం కలుగుతుంది.

కారణాలు:
1. పూర్వ రేడియేషన్: ఇది సూక్ష్మ రక్తనాళాలను దెబ్బతీసి, గాయం మానే శక్తిని తగ్గిస్తుంది. అందుకే ఇటువంటి రోగులకు రేడియేషన్ సోకని ఛాతీ కండరాన్ని తెచ్చి అతుకుపై కప్పుతారు.
2. పోషకాహార లోపం: కణితి వల్ల మింగడం కష్టమై రోగి చిక్కిపోతాడు. రక్తంలో హీమోగ్లోబిన్, ఆల్బుమిన్ తగ్గితే గాయం త్వరగా మానదు.
3. పొగాకు, మద్యం: పొగ గాయానికి అందే ప్రాణవాయువును తగ్గిస్తుంది, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లను పెంచుతుంది. నిత్యం తాగేవారికి మద్యం హఠాత్తుగా ఆగితే వణుకు, మతిభ్రమణం కలగవచ్చు.
4. మధుమేహం, థైరాయిడ్ లోపం: వీటిని అదుపు చేయకుంటే గాయం మానడం మందగిస్తుంది.

పల్నాటి సందర్భం:
వ్యవసాయమే ఆధారమైన పల్నాడు జిల్లా ఈపూరు వంటి మండలాలలో శస్త్రచికిత్స అనంతర జీవితాన్ని కూడా పరిగణించాలి. స్వరపేటిక తొలగించాక శ్వాస మెడ వద్ద చేసిన రంధ్రం ద్వారానే సాగుతుంది. ముక్కు వడకట్టే దుమ్ము నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. కనుక మిరప కల్లంలో పనిచేసే వ్యక్తికి ఆ రంధ్రంపై తడి గుడ్డో, వడపోత కవచమో తప్పనిసరి. కాలువలో మెడలోతు స్నానం ప్రాణాంతకం. ఆపదలో కేకవేయడానికి గొంతు కూడా ఉండదు.

ముగింపు:
పై కారణాలలో పూర్వ రేడియేషన్‌ను మార్చలేము. తక్కినవి చాలావరకు సరిదిద్దదగినవి. ముక్కు గొట్టం ద్వారా పోషణ, చుట్ట-బీడీ మానడం, చక్కెర నియంత్రణ రోగనిర్ధారణ నాడే ఆరంభం కావాలి. అయితే వీటి పేరిట శస్త్రచికిత్సను వాయిదా వేయరాదు; కణితి ఆగదు. బరువు తగ్గడం రోగలక్షణం మాత్రమే కాదు, రాబోయే సమస్యకు కారణం కూడా. ఈ విషయాన్ని రోగి కుటుంబానికి వారి మాటలలో ముందుగానే వివరించడం చికిత్సలో భాగమే.