మిగులు నీటి లెక్క తేల్చేస్తారా?

వరదల వేళ ముక్తేశ్వరం రేవులో నిలబడితే అవతల కోటిపల్లి ఎక్కడో దూరంగా కనిపిస్తుంది. ‘ఇంత నీరు సముద్రం పాలేనా? కృష్ణాకు మళ్లిస్తే పోలా?’ అని మీకూ అనిపించే ఉంటుంది. మరి ఎంత మళ్లించొచ్చు? ఆ లెక్క తేల్చేవారే హైడ్రాలజిస్టులు.

లెక్క కొండల్లో మొదలవుతుంది. శబరి, సీలేరు తూర్పు కనుమల నీటిని గోదావరికి మోసుకొస్తాయి. చదరపు కిలోమీటరులో 1000 మిల్లీమీటర్ల వాన పడితే 10 లక్షల ఘనపు మీటర్ల నీరు. అందులో 40 శాతం పారిందనుకుంటే దక్కేది 4 లక్షలే. ఆ శాతం కూడా స్థిరం కాదు. జూన్‌లో ఎండిన నేల వానను తాగేస్తుంది, ఆగస్టులో తడిసిన నేల వదిలేస్తుంది.

సగటు చూస్తే బోల్తా పడతారు
1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అలాంటి ఏడాది ఒక్కటి కలిసినా సగటు పెరిగిపోతుంది. అందుకే 75 శాతం విశ్వసనీయత చూస్తారు. 31 ఏళ్ల ప్రవాహాలను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చండి. 24వ అంకే మీకు కావాల్సింది. ఎందుకంటే 24ను 32తో భాగిస్తే 0.75.

అందులోంచి ఎగువ రాష్ట్రాల వాటా, డెల్టా అవసరాలు తీసేయాలి. వేసవిలో పాయల్లో ప్రవాహం తగ్గితే ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. లెక్క తప్పితే దెబ్బతినేది కోనసీమ వరి, కొబ్బరి, తాగునీరే.

కాలువకూ హద్దుంది. బచావత్ ట్రైబ్యునల్ 1980 తీర్పులో పోలవరం నుంచి కృష్ణాకు 80 టీఎంసీల మళ్లింపు ఉంది. పట్టిసీమ పంపుల సామర్థ్యం 8,500 క్యూసెక్కులు. ఆగకుండా తోడినా 80 టీఎంసీలకు దాదాపు 109 రోజులు పడుతుంది. వరద మాత్రం అన్నాళ్లు ఆగదుగా!

ఇటు రావాలంటే...
సివిల్ ఇంజినీరింగ్ తర్వాత గేట్ రాసి ఐఐటీ రూర్కీ హైడ్రాలజీ విభాగంలోనో, జేఎన్‌టీయూ హైదరాబాద్ జలవనరుల కేంద్రంలోనో ఎంటెక్ చేయొచ్చు. యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ ద్వారా కేంద్ర జల సంఘంలో చేరొచ్చు. జాతీయ జలవిజ్ఞాన సంస్థకు డెల్టాల కోసం ప్రత్యేక కేంద్రం మన కాకినాడలోనే ఉంది. క్యూజీఐఎస్, హెచ్‌ఈసీ-హెచ్‌ఎంఎస్ సాఫ్ట్‌వేర్లు ఉచితం. పైథాన్ కూడా నేర్చుకుంటే మేలు.

ముందు ఓ చిన్న పని చేయండి. మీ మండలం వర్షపాతం అంకెలు సంపాదించి, పైన చెప్పినట్టు పేర్చి చూడండి. సగటుకూ, నమ్మదగిన అంకెకూ ఉన్న తేడా మీకే తెలిసొస్తుంది.