నర్సమ్మ పేరు ఏ రిజిస్టర్‌లో ఉంది?

ఆంధ్రప్రదేశ్‌లోని కె. కోటపాడు చుట్టుపక్కల పల్లెల్లో ‘నర్సమ్మా’ అని పిలిస్తే ఒక్కరే పలకరు. గ్రామ సచివాలయం తరఫున టీకాలు వేసే ఏఎన్‌ఎం నర్సమ్మే. గర్భిణిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చే ఆశా కార్యకర్తనూ కొందరు అలాగే పిలుస్తారు. క్లినిక్‌లో సూదిమందు వేసే అమ్మాయినీ అంతే. ముగ్గురిలో కోర్సు చదివి, పరీక్ష రాసి, నర్సుల కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరెక్కించుకుని పనిలో చేరింది మాత్రం ఏఎన్‌ఎం.

ఆశా కార్యకర్తకు ఇచ్చేది కొద్ది రోజుల శిక్షణే. ఇంటికీ ఆసుపత్రికీ మధ్య దారి వేయడం ఆమె పని. దానికి లైసెన్స్ అక్కర్లేదు.

క్లినిక్ అమ్మాయి సంగతి వేరు. పదో తరగతి అయ్యాక చేరి, సెలైన్ పెట్టడం, కట్టు కట్టడం చూసి చూసి నేర్చుకుంటుంది. ఆ చేతి నేర్పు నిజమైనదే. అయినా పదేళ్ల అనుభవం చూపించినా మన దేశంలో ఆమెకు నర్సుగా రిజిస్ట్రేషన్ రాదు. గుర్తింపు ఉన్న స్కూల్లో చదివి తీరాలి. ఇంట్లో కూర్చుని దూరవిద్యలో నర్సయ్యే దారీ లేదు. ఇగ్నో పెట్టిన పోస్ట్ బేసిక్ బీఎస్సీ కూడా అప్పటికే రిజిస్టరైన నర్సుల కోసం పెట్టిందే.

ఇంత పట్టు ఎందుకంటారా? పల్లెల్లో గుర్రపువాతం అనే జబ్బునే తీసుకోండి. బీపీ పెరిగి గర్భిణికి ఫిట్స్ వస్తాయి. ఇచ్చే మందు మెగ్నీషియం సల్ఫేట్. సూది గుచ్చడం ఎవరైనా నేర్చుకోవచ్చు. కానీ ప్రతి డోసుకూ ముందు మూడు చూడాలి: మోకాలి కింద తడితే కాలు ఎగురుతోందా, నిమిషానికి కనీసం 16 సార్లు ఊపిరి తీస్తోందా, గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకుండా మూత్రం వస్తోందా. ఏ ఒక్కటి తప్పినా డోసు ఆపాలి. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే సిద్ధంగా ఉండాలి. చూసి నేర్చుకున్నవాళ్లకు మందు ఇవ్వడం వస్తుంది. ఎప్పుడు ఇవ్వకూడదో కూడా తెలియాలంటే చదువు కావాలి. తల్లి ప్రాణం ఆ రెండో దాని మీదే ఆధారపడి ఉంటుంది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో మాత్రం చిన్న సందు ఉంది. ఆసుపత్రి వార్డులో జీతానికి 51 నెలలు రోగి మంచం పక్కన పనిచేసి, 54 గంటల మందుల పాఠం చదివినవాళ్లు ఎల్‌వీఎన్ అనే కింది స్థాయి నర్సు లైసెన్స్ పరీక్షకు కూర్చోవచ్చు. రిజిస్టర్డ్ నర్సు కావాలంటే అక్కడా ఆ సందు చాలదు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సింగ్ చదువు ఎంతో తెలుసా? జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో 1851లో దాదాపు మూడు నెలలు. 1860లో లండన్‌లో నర్సింగ్ స్కూలు పెట్టించిన ఆమే, నర్సుల రిజిస్ట్రేషన్‌ను గట్టిగా వ్యతిరేకించింది. మనిషి గుణాన్ని పరీక్ష కొలవలేదన్నది ఆమె వాదం. ఆమె మీద ఎంత గౌరవం ఉన్నా ఈ ఒక్క విషయంలో నేను ఆమె పక్షం కాదు. గుణాన్ని పరీక్ష కొలవలేకపోవచ్చు, డోసు తెలుసో లేదో మాత్రం కొలుస్తుంది. దేశమంతటికీ నర్సుల రిజిస్టర్ తెచ్చిన మొదటి దేశం న్యూజిలాండ్, 1901 చట్టంతో.

మన వైపు అలాంటి చట్టం 1926లో వచ్చింది. అప్పటికి కోటపాడు మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉంది. కింగ్ జార్జి ఆసుపత్రి తెరిచి మూడేళ్లే. ఊళ్లో కాన్పులన్నీ మంత్రసానివే. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలన్న సామెత ఊరికే పుట్టలేదు. జాతీయ స్థాయిలో 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో కొత్త కమిషన్ చట్టం చేశారు.

క్లినిక్ అమ్మాయికి తలుపు మూసేశారని మాత్రం అనుకోవద్దు. దారి ఉన్న సంగతి తెలియకే చాలామంది ఆగిపోతున్నారు. బీఎస్సీ నర్సింగ్‌కు ఇంటర్‌లో బైపీసీ కావాలి. రెండేళ్ల ఏఎన్‌ఎంకు, మూడేళ్ల జీఎన్‌ఎంకు మాత్రం ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే. ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ ఫీమేల్ చదివి, ఏడాది ఆసుపత్రి శిక్షణ పూర్తిచేసి, కౌన్సిల్‌లో నమోదైనవాళ్లను మన రాష్ట్రంలో ఏఎన్‌ఎం పోస్టులకు తీసుకున్నారు. రిజిస్టరైన ఏఎన్‌ఎం జీఎన్‌ఎంలో చేరవచ్చు. ఆ తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్‌తో బీఎస్సీ పట్టా చేతికొస్తుంది. సీఈసీ చదివిన అమ్మాయి కూడా ఇలా మెట్టు మెట్టు ఎక్కి డిగ్రీ నర్సు కావచ్చు. చేరే ముందు ఆ స్కూలుకు కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. గుర్తింపు లేని చోట కట్టిన ఫీజు, గడిపిన ఏళ్లు రెండూ పోతాయి.

ఇంకొకటి. రిజిస్టర్ రాష్ట్రానిది. విజయవాడలో నమోదైన నర్సుకు హైదరాబాద్ ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే, అక్కడి తెలంగాణ కౌన్సిల్లోనూ పేరు రాయించుకోవాలి.