ఆరోగ్యవరం నేర్పిన పాఠం

క్షయ అన్న మాట వినగానే నేటికీ మన ఇండ్లలో గొంతు తగ్గుతుంది. ప్రోతరాపూర్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు ఇందుకు మినహాయింపు కాదు. ఆ భయాన్ని పారద్రోలుటకే జీవితాన్ని అంకితం చేసిన ఒక వైద్యుని చరిత్రను, సముద్రానికి ఆవల మన తెలుగు నేలపై జరిగినదానిని, పాఠకులకు పరిచయం చేయదలచితిమి.

డెన్మార్క్ దేశీయుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్ రాయలసీమలోని మదనపల్లె చెంత, ఆరోగ్యవరంలో వెలసిన క్షయ చికిత్సాలయానికి తొలి అధిపతి. పలు క్రైస్తవ మిషన్లు కలిసి నెలకొల్పిన ఆ సంస్థ 1915లో లాంఛనంగా ప్రారంభమైంది. క్షయను జయించే ఔషధమేదీ లేని కాలమది. స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, ఓర్పు: ఇవే నాటి చికిత్స.

రోగులకు సేవ చేయుటతో ఆయన తృప్తి చెందలేదు; వైద్యులను తీర్చిదిద్దుట కూడా సేవయేనని భావించారు. ఆరోగ్యవరంలో ఆయన వద్ద పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ తదుపరి ఆ సంస్థకు అధిపతియై, అనంతరం భారత ప్రభుత్వానికి క్షయవ్యాధి సలహాదారుగా వ్యవహరించారు. 1939లో ఏర్పడిన భారత క్షయ నివారణ సంఘానికి మోలర్ వైద్య కమిషనర్‌గా పనిచేశారు. ఆయన కుమారుడు జొహనెస్ 1950-55 నడుమ మదనపల్లె పరిసర గ్రామాలలో ఇంటింటి పరిశోధన సాగించారు. 1948లో బి.సి.జి. టీకాలు మన దేశంలో ప్రవేశించినపుడు తొలి కేంద్రాలలో మదనపల్లె ఒకటి.

పిదప ఔషధాలు వచ్చాయి. ఇంటివద్దనే మందులు వాడినవారికీ, శానటోరియంలో చేరినవారికీ ఫలితం దాదాపు సమానమేనని మద్రాసు పరిశోధన కేంద్రం 1959లో ప్రకటించింది. అంటే నాడు కొండగాలిలో వైద్యుడు వహించిన బాధ్యత నేడు ఇంటివారిపై పడింది.

ఇంజనీర్లమైన మాకు తెలిసిన పోలిక ఒకటి చెప్పెదము. జనరేటర్ శబ్దం తగ్గినంత మాత్రాన మరమ్మతు పూర్తయినట్లు కాదు. అదే విధంగా రెండు నెలలలో దగ్గు తగ్గినా క్రిములు సమసిపోవు. సాధారణ క్షయకు ఆరు నెలలు మందులు వాడవలెను; నడుమ మానినచో ఆ మందులకే లొంగని క్రిములు తయారగును. రెండు వారాలు మించిన దగ్గుకు కళ్ళె పరీక్ష అవసరం. ప్రభుత్వ కేంద్రాలలో పరీక్ష, మందులు ఉచితం. పోషకాహారానికై నెలకు 1000 రూపాయల సహాయం కూడా కలదు.

మన క్వార్టర్లలో ఎవరికైనా ఈ వ్యాధి సోకిందని తెలిసినచో తలుపు మూయవద్దు. మాత్ర వేసుకున్నారా అని ప్రతిదినం ఆప్యాయంగా అడగండి. ఆరోగ్యవరం మనకు నేర్పిన పాఠం ఇదియే.