బర్మా వలసలో తెలుగువారి జీవనారంభ సమస్యలు: విశాఖ తీరం నేపథ్యం

కీలకపదాలు: బర్మా వలస, మేస్త్రీ వ్యవస్థ, కోరంగీలు, తిరుగువలస

1. ఉపోద్ఘాతం:
విశాఖ ఉక్కు కర్మాగారానికి ముంగిలి వంటి కూర్మన్నపాలెం నేడు బతుకుతెరువు కోసం పలుప్రాంతాల నుండి వచ్చినవారికి నెలవు. ఒకప్పుడు ఇదే తీరం తన బిడ్డలను సముద్రం దాటించింది. 1852 యుద్ధంతో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైన తరువాత అక్కడ వరిసాగు, బియ్యపు మిల్లులు విస్తరించాయి. ఆ పనులకు గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుండి వేలాదిమంది తరలివెళ్ళారు. రంగూన్ వారి నోట ‘రంగం’ అయింది. పరాయిదేశంలో వారి జీవనారంభ సమస్యలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. అప్పుతో ఆరంభం:
ప్రవాసికి తొలి సమస్య భాష అని సాధారణంగా భావిస్తారు. బర్మా కూలీకి అంతకుముందే అప్పు ఎదురైంది. మేస్త్రీ ఊళ్ళోనే ఓడఖర్చు, కొంత ముందస్తు సొమ్ము ఇచ్చి కూలీలను కుదుర్చుకొనేవాడు. కూలి డబ్బు మేస్త్రీ చేతిమీదుగా అందేది; బాకీ, అతని వాటా పోగా మిగిలినదే కూలీది. అయితే బస చూపేదీ, పనివారితో తెలుగులో మాట్లాడేదీ ఆ మేస్త్రీయే. అతడే ఆసరా, అతడే సంకెల. ఈ ఏర్పాటు వల్ల కూలీకి స్థానికభాష అవసరం తగ్గింది. స్థానికులతో దూరం పెరిగింది.

3. పేరు - పరాయితనం:
బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అనేవారు. గోదావరి తీరాన కోరంగి రేవు 1839 తుఫానులో ధ్వంసమైంది. ఆ రేవును ఎన్నడూ చూడని ఉత్తరాంధ్రులకు కూడా ఆ పేరే స్థిరపడింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేయగా వారి స్థానంలో బర్మీయులను తీసుకున్నారు. సమ్మె ముగిసి పాతవారిని తిరిగి పిలవడంతో ఘర్షణలు చెలరేగి ప్రాణనష్టం జరిగింది. ఇరువర్గాల పేదలను పోటీకి నిలిపిన చవక కూలి విధానం మాత్రం తెరవెనుకే ఉండిపోయింది.

4. రెండవ ఆరంభం:
1937లో బర్మా భారతదేశం నుండి పాలనాపరంగా విడిపోయింది. 1941 డిసెంబరులో జపాను బాంబుదాడులు మొదలుకాగా లక్షలాది భారతీయులు, అనేకులు కాలినడకన, వెనుదిరిగారు. 1962లో సైనికపాలన వచ్చి, 1964లో వ్యాపారాలు జాతీయం కావడంతో మరొక తిరుగువలస సాగింది. విశాఖలోని బర్మా క్యాంపు పేరు ఆ చరిత్రకు గుర్తు. బర్మాలో పుట్టిపెరిగిన పిల్లలకు పూర్వికుల ఊరే కొత్తదేశం.

5. ముగింపు:
• వలసజీవితపు తొలి కష్టం తీరం దాటకముందే, అప్పు రూపంలో మొదలైంది.
• సొంతమనుషుల ఆసరా రక్షణతోపాటు ఒంటరితనాన్ని కూడా పెంచింది.
• తిరిగిరావడం వలసకు ముగింపు కాలేదు. అది మరొక ఆరంభమే అయింది.