తుపాకీ దిగింది... మూట దిగలేదు!
అడవి దారి పట్టేవారికి పాత షికారీల తూకం పాఠం

హోసూరు: వాకిట్లో దూలానికి కొక్కెం కాటా వేలాడుతోంది. చింతపండు తూచే కాటా అది. దానికి ఆరోజు మా అల్లుడి సంచి తగిలించారు. ముల్లు గిర్రున తిరిగి 13న్నర కిలోల దగ్గర ఆగింది. ఎనభై దాటిన మా మామ కళ్లజోడు సవరించుకుని ముల్లు వంక చూశారు. తర్వాత మా వంక చూశారు.
‘ఏమిరా అబ్బయా... కొండకు పోతుండారా, కాపురం మారస్తుండారా?’

నవ్వు వచ్చింది గానీ నవ్వలేకపోయాం. అంతకు ముందు ఏడాది జరిగింది ఇంకా మరిచిపోలేదు మరి. కుక్కె సుబ్రహ్మణ్యంలో స్వామి దర్శనం చేసుకుని, అక్కడి నుంచి కుమార పర్వతం ఎక్కాలని అయిదుగురం బయల్దేరాం. అందరి వీపునా బస్తాల్లాంటి సంచులే. ఆరు కిలోమీటర్లు ఎక్కి భట్టర మనె చేరేసరికే ఒకడి నీళ్లు అయిపోయాయి. ఇంకాస్త పైకి పోయాక మరొకడికి మోకాళ్లు పట్టేశాయి. శిఖరం చూడకుండానే వెనక్కి తిరిగాం. దిగుతుండగానే చీకటి పడింది. అయిదుగురి దగ్గర పాటలు వినే స్పీకర్లు రెండున్నాయి, టార్చి ఒక్కటీ లేదు. ఉన్న వెలుతురల్లా ఒక సెల్‌ఫోన్‌ది. అదీ కాసేపటికి ఆరిపోయింది. ఒక బండ మీద కూర్చుని, వెనక వచ్చే గుంపు కోసం ఎదురుచూసిన ఆ గంట సేపు ఎవరూ మాట్లాడలేదు.

అందుకే రెండోసారి బయల్దేరేముందు మామ దగ్గరకు వెళ్లాం. ఎందుకంటే ఆయన కుర్రతనంలో చేసిన పనే మూటలు మోయడం. జవళగిరి, దేంకణికోట అడవుల్లోకి వేటకొచ్చే దొరల వెంట కూలీకి వెళ్లేవారు.

షికారీల అడవి
ఈ అడవుల పేరు దేశాలు దాటి వినిపించేలా చేసినవాడు కెన్నెత్ ఆండర్సన్ (1910-1974). బెంగళూరులో స్థిరపడ్డారు గానీ పుట్టింది సికింద్రాబాద్ దగ్గరి బొల్లారంలో. 1954లో అచ్చయిన ఆయన మొదటి పుస్తకంలోనే మన జవళగిరి పులి కథ ఉంది. ఆయన వాడిన పాయింట్ 405 విన్‌చెస్టర్ రైఫిల్ ఒక్కటే మూడున్నర కిలోల పైన తూగేది. ఆ మీదట తూటాలు, సెల్లుల టార్చి, నీళ్లు, దుప్పటి. అలాంటి షికారీల వెనక కూలీల నెత్తిన మంచె కోసం నులకమంచం. బరువు లెక్క చూసుకోకుంటే చెట్టు దాకా కూడా చేరలేరు.

‘తుపాకీ తగ్గించేదానికి ఉండదు గదా. అందుకే మిగతా మూటలో ఏది పీకి పారేద్దామా అని చూసేవాళ్లు. బాగా తిరిగిన షికారీ మూట చిన్నగా ఉండేది. కొత్తగా వచ్చినోడి మూట మోసేదానికి నలుగురం కావాల్సి వచ్చేది’ అన్నారు మామ.

ఆ కాలం పోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు కళ్లెం పడింది. 1991 సవరణతో లైసెన్సు మీద వేటాడే వీలూ పోయింది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టడమే నేరం. దొరలు తిరిగిన హోసూరు అడవుల్లోనే 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యం వెలిసింది. భుజం మీద తుపాకీ దిగిపోయింది. మూట మాత్రం అలాగే ఉంది... పైగా పెరిగింది!

వేటకు అనుమతి ఉన్న అమెరికా లాంటి దేశాల్లో కొండల్లోకి రోజుల తరబడి వెళ్లే వేటగాళ్లు ఇప్పటికీ ప్రతి వస్తువునూ గ్రాముల్లో తూస్తారు. కారణం ఉంది. ఎల్క్ అనే పెద్ద దుప్పి దొరికితే ఎముకలు తీశాక కూడా మాంసం 80 కిలోలు దాటుతుంది. బండి రాని చోటు నుంచి దాన్ని వీపు మీదే మోసుకురావాలి. అందుకే వెళ్లేటప్పుడు సంచి ఎంత తేలికైతే అంత మేలు. మనం మాంసం మోయం. మన మోకాళ్లే మనల్ని మోసుకురావాలి. లెక్క మాత్రం అదే.

మూడు కుప్పలు
మామ సంచి మొత్తం చాప మీద బోర్లించారు. మూడు కుప్పలు చేయమన్నారు. ప్రతిరోజూ వాడేవి ఒక కుప్ప. ప్రాణం కాపాడేవి రెండోది. ‘ఉంటే బాగుంటుంది’ అనుకునేవి మూడోది.

మూడో కుప్ప చూసి మాకే సిగ్గేసింది. స్పీకరు, కెమెరా స్టాండు, రెండో జత బూట్లు, సెంటు సీసా, స్టీలు క్యారియరు, రెండు కిలోల రగ్గు... కొండ మీద రాత్రి బస నిషేధం. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిపోవాల్సిందే. మరి రగ్గు ఎందుకు? ఎవరి దగ్గరా జవాబు లేదు.
రెండో కుప్పలో ఉన్నది ఒక్క తలనొప్పి మాత్రల అట్ట.

‘ఇదిరా మీ రోగం. బరువు తగ్గించేది మూడో కుప్పలో. రెండో కుప్పలో గాదు. తేలిగ్గా పోవడమంటే ఒట్టి చేతుల్తో పోవడం గాదు’ అని మామ గట్టిగానే అన్నారు.

నిజానికి చాలామంది పొరపడేది ఇక్కడే. సంచి బరువైంది అనగానే ముందు నీళ్ల బాటిల్ తీసి పక్కన పెడతారు. లీటరు నీళ్లు కిలో తూగుతాయి కాబట్టి చేతికి మొదట తగిలే బరువు అదే. తీయకూడని బరువూ అదే.

గ్రాము గ్రాము... కిలో
తగ్గించాల్సింది ఎక్కడ? మొదట సంచిలోనే. మా అల్లుడి పాత సంచి ఖాళీగా 2 కిలోలుంది. ఒక్కరోజు నడకకు 800 గ్రాముల సంచి చాలు. నడుముకు బిగించే పట్టీ ఉన్నది చూసుకోవాలి. భారం భుజాల మీద కాకుండా తుంటి మీద పడుతుంది.

తర్వాత బాటిల్. దళసరి స్టీలు బాటిల్ 400 గ్రాముల దాకా ఉంటుంది. తేలికపాటి ప్లాస్టిక్ బాటిళ్లు మూడు కలిపినా 100 గ్రాములే. అయితే తీసుకెళ్లినవి తిరిగి కిందకు తేవాలి. అడవిలో పారేస్తే జంతువుల కడుపులోకి పోతాయి.

బట్టల్లో జీన్స్ వద్దు. జత 700 గ్రాములు. తడిస్తే ఇంకా బరువు, ఓ పట్టాన ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి. పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు 300 గ్రాములు, గాలికే ఆరిపోతుంది. అర కిలో టర్కీ తువ్వాలు బదులు మన పల్చటి నూలు తువ్వాలు 150 గ్రాములు. తలకు చుట్టొచ్చు, చెమట తుడవొచ్చు, కట్టు కట్టొచ్చు. పాత షికారీల కూలీలందరి భుజాన ఉన్నది ఇదే.

బూట్ల సంగతి వేరు. పాదానికున్న కిలో బరువు వీపు మీద నాలుగు నుంచి ఆరు కిలోలతో సమానమని పరిశోధనల్లో తేలింది. దళసరి తోలు బూట్ల కంటే పట్టున్న తేలిక బూట్లు మేలు. కొత్త జత మాత్రం కొండ మీద మొదలుపెట్టకూడదు. పది, పదిహేను రోజులు ఊళ్లో నడిచి అలవాటు చేసుకోవాలి.

వెలుతురు విషయంలో మనకు అదృష్టం కలిసొచ్చింది. షికారీల కాలం నాటి మూడు సెల్లుల టార్చిలో సెల్లులే పావు కిలో పైన ఉండేవి. ఇప్పుడు తలకు పెట్టుకునే ఎల్‌ఈడీ దీపం 100 గ్రాముల్లోపే. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. దిగేటప్పుడు కొమ్మో రాయో పట్టుకోవచ్చు. ఇది గుంపుకొకటి కాదు, మనిషికొకటి.

తిండికి చిప్స్ పొట్లాలు చోటు తింటాయి, ఉప్పు దాహం పెంచుతుంది. వేరుశనగ ఉండలు, పుట్నాలు, బెల్లం, ఖర్జూరం... 700 గ్రాములు రోజుకు చాలు. సద్ది కట్టుకుంటే చపాతీ ఆకులో చుట్టుకోవచ్చు, క్యారియరు అక్కర్లేదు.

పెరిగినవీ ఉన్నాయి
విచిత్రం ఏమిటంటే, మామ కొన్నిటిని పెంచారు. నీళ్లు రెండు లీటర్ల నుంచి మూడయ్యాయి. తేలికపాటి రెయిన్‌కోటు 300 గ్రాములు. ప్లాస్టిక్ కవరులో చుట్టిన పొడి చొక్కా, స్వెట్టరు 400. దీపం, చిన్న టార్చి కలిపి 200. మందుల డబ్బా 200. చిన్న పవర్‌బ్యాంకు 200. ఈల, చాకు, కాస్త తాడు 100. సంచి, బాటిళ్లు, తిండి కలిపి మళ్లీ కాటాకు తగిలిస్తే ముల్లు 6 కిలోల దగ్గర నిలిచింది. 13న్నర నుంచి ఆరుకు! అందులోనూ సగం నీళ్లే. తాగేకొద్దీ తరిగే బరువు.

ఒక్కరోజు నడకకు ఒంటి బరువులో పదో వంతు, రాత్రి బస ఉంటే అయిదో వంతు దాటకూడదని నడక అలవాటున్నవారు చెప్పే లెక్క. 60 కిలోల మనిషికి ఆరు కిలోలు. మామ ఈ లెక్క ఎక్కడా చదవలేదు. భుజం చెప్పింది, అంతే.

ఏ కొండకా మూట
అన్ని కొండలకూ ఒకటే మూట పనికిరాదు. కొరాపుట్ వైపు మనవాళ్లు వెళ్లే దేవమాలి 1,672 మీటర్లు. డిసెంబరు తెల్లవారుజామున చలి కొరికేస్తుంది, స్వెట్టరు తప్పదు. గజపతి జిల్లా మహేంద్రగిరి (1,501 మీటర్లు)కి శివరాత్రికి వెళ్లేవారికి పగటి ఎండ, రాత్రి చలి రెండూ ఉంటాయి. కోయంబత్తూరు వెళ్లియంగిరి ఏడు కొండలు ఫిబ్రవరి నుంచి మే వరకు ఎక్కుతారు. ఎక్కువమంది రాత్రిపూట మొదలుపెడతారు కాబట్టి వెదురు కర్ర, దీపం ముఖ్యం. మహారాష్ట్రలోని కల్సూబాయి (1,646 మీటర్లు) వానాకాలంలో జారుడు. అక్కడ బూటు అడుగు చూసుకోవాలి.

మళ్లీ చాప మీద
రెండోసారి కుమార పర్వతం ఎక్కాం. 1,712 మీటర్ల ఎత్తున నిలబడి కింద మబ్బులు చూశాం. దిగేటప్పుడు శేష పర్వతం దాటాక ఒకడి కాలు మడత పడింది. డబ్బాలోని క్రేప్ బ్యాండేజీ కట్టి, వాడి సంచి నలుగురం పంచుకున్నాం. తేలిక సంచి కాబట్టి ఎవరికీ భారం కాలేదు. నెమ్మదిగా దిగేసరికి చీకటి పడనే పడింది. ఈసారి అయిదు దీపాలు వెలిగాయి.

ఇంటికొచ్చాక మామ మళ్లీ చాప పరిపించారు. ‘తీసుకుపోయినవన్నీ పెట్టండి. వాడంది ఏది?’ అని అడిగారు. షికారు నుంచి రాగానే దొరలు చేయించే పని ఇదేనట. వాడని చిన్న టార్చి, రెయిన్‌కోటు, ఈల, చాకు, మిగిలిన మందులు పక్కన పెట్టాం. మా అల్లుడు ‘ఇవి ఈసారికి తీసేద్దామా తాతా?’ అన్నాడు.
‘అవి రెండో కుప్పవిరా. వాడకుండా ఇంటికి తెచ్చినారు చూడు, అదే లాభం’ అన్నారు మామ.

బయల్దేరే ముందు
* అనుమతి: 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి అడవి మంటల్లో చిక్కుకుని నడకకు వెళ్లిన 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అటవీ శాఖ అనుమతి లేని దారిలో, ఎండలు ముదిరిన రోజుల్లో అడుగుపెట్టొద్దు. తమిళనాడులో 2024 నుంచి ‘ట్రెక్ తమిళనాడు’ పేరుతో అటవీ శాఖ దారులకు ఆన్‌లైన్ బుకింగ్ ఉంది. కుమార పర్వతానికి కర్ణాటక అటవీ శాఖ దగ్గర ముందుగా బుక్ చేసుకోవాలి.
* మందుల డబ్బా: ఓఆర్‌ఎస్ పొట్లాలు (లీటరుది ఒకటి సుమారు 21 గ్రాములు), క్రేప్ బ్యాండేజీ, దూది, యాంటీసెప్టిక్, రోజూ వాడే మాత్రలు.
* పాము కరిస్తే: కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించొద్దు. కరిచిన చోటు కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, పాము విషానికి మందున్న ఆసుపత్రికి చేర్చాలి.
* ఇంట్లో చెప్పండి: ఏ దారిన వెళ్తున్నారు, ఎన్ని గంటలకు దిగుతారు అన్నది కాగితం మీద రాసిచ్చి వెళ్లండి. దానికి బరువే ఉండదు.